డేటా సెంటర్ల కాలంలో పర్యావరణ ఉద్యోగం: ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి చెన్నైలో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వద్దని, డిజిటల్ రంగం వల్ల కలిగే కాలుష్యంపై పనిచేయడానికి పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తానని అంటోంది. కాగితాన్నీ ప్రయాణాలనూ తగ్గించే రంగంలో కాలుష్యం ఏముంటుంది? దారి మార్చుకోవడం మంచిదేనా?
– ఒక తండ్రి, అంబత్తూరు

సమాధానం: మీ సందేహానికి సగం జవాబు మీ అంబత్తూరులోనే ఉంది. అక్కడి డేటా సెంటర్లకు, అంటే ఇంటర్నెట్ సమాచారాన్ని దాచి నడిపే సర్వర్లుండే భవనాలకు, పొగగొట్టాలు కనిపించవు గాని, మన గ్రిడ్‌లోని కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచ డేటా సెంటర్లు సుమారు 415 టెరావాట్ అవర్ల (41,500 కోట్ల యూనిట్ల) విద్యుత్తు వాడాయి. మొత్తం వాడకంలో ఇది 1.5 శాతమే అయినా, 2030 నాటికి రెట్టింపు దాటవచ్చు. అయితే ఒక వీడియో సమావేశం వల్ల విమాన ప్రయాణం నిజంగా తప్పితే, ఆ ఆదా కూడా చిన్నదేమీ కాదు. ఏది ఎంతో లెక్క తేల్చడమే ఈ రంగంలో అసలు పని, అది ఈఈఈ చదివినవారికి బాగా అందే పని.

అందువల్ల ఎమ్మెస్సీకి ఇప్పుడే తొందరపడవద్దని నా సలహా. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తమ ఇంధన వాడకం, ఉద్గారాల వివరాలను బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. ఆ నివేదికను అందంగా రాసిపెట్టేవారు దొరుకుతారు గాని, మీటరు రీడింగు చూసి అంకె ఎక్కడ తప్పిందో పట్టుకోగలిగేవారు అరుదు.

మీ అమ్మాయిని ఫైనలియర్ ప్రాజెక్టుగా తన కాలేజీ కంప్యూటర్ ల్యాబునే తీసుకోమనండి. 40 కంప్యూటర్లు రాత్రి 10 గంటలపాటు ఊరికే ఆన్‌లో ఉండిపోయి, ఒక్కొక్కటి 60 వాట్లు లాగిందనుకుంటే 24 యూనిట్లు ఖర్చవుతాయి. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున దాదాపు 17 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఏసీ వాటా ఇంకా ఇందులో చేరలేదు. ఆ వాటాను కూడా కలిపి చూపే కొలతనే డేటా సెంటర్లలో పీయూఈ (పవర్ యూసేజ్ ఎఫెక్టివ్‌నెస్) అంటారు: సర్వర్లు 1000 యూనిట్లు వాడే భవనం మొత్తం 1500 యూనిట్లు తీసుకుంటే పీయూఈ 1.5. చెన్నై ఎండకు, ఉక్కకు ఈ అంకెను తగ్గించడం తేలిక కాదు, కాబట్టే అది తెలిసినవారికి ఇక్కడ విలువ ఉంటుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కట్ట కంటే స్వయంగా కొలిచిన ఇలాంటి లెక్క ఒక్కటి ఎక్కువ మాట్లాడిస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే కాదనుకోనక్కర లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్గారాలను లెక్కించే పద్ధతికి 2024లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా వచ్చింది. కోడు రాయడం తెలిసినవారే దాన్ని ఆచరణలో పెట్టగలరు. కొంత అనుభవం వచ్చాక కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయవచ్చు. అప్పటికీ పైచదువు మీద ఇష్టం ఉంటే, పర్యావరణ ఎమ్మెస్సీ కంటే ఎనర్జీ సిస్టమ్స్‌లో ఎంటెక్ ఆమెకు బాగా నప్పుతుంది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు మాత్రం ఇప్పటినుంచే చదవమనండి.