అద్దె ఇంట్లో చెమ్మ, బూజు: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఏడాదిన్నరగా ఒక ప్రైవేటు ఇంట్లో అద్దెకుంటున్నాం. చలికాలం వస్తే బెడ్‌రూమ్ బయటి గోడంతా చెమ్మ. వార్డ్‌రోబ్ వెనక నల్లటి బూజు పట్టి బట్టలు పాడయ్యాయి. పాపకు దగ్గు తగ్గడం లేదు. గోడలకు ఇన్సులేషన్ లేదు, హీటింగ్ ఎంతసేపు వేసినా గది వేడెక్కదు. ఏజెంట్‌ని అడిగితే "మీరు బట్టలు ఇంట్లో ఆరేస్తున్నారు, కిటికీలు తియ్యరు" అంటున్నాడు. బాగుచేసేదాకా అద్దె ఆపేయొచ్చా?

జవాబు: అద్దె మాత్రం ఆపకండి. బాకీ పేరుకుపోతే ఖాళీ చేయించడానికి ఓనర్ చేతికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందన్నదే ఇలాంటి కేసుకు ప్రాణం. పైకప్పు కారినా, గోడ బీటల్లోంచి వాన నీళ్లు దిగినా, ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ 1985లోని సెక్షన్ 11 కింద బాగుచేయించాల్సింది ఓనరే. మీది అలాంటిది కాదనిపిస్తోంది. గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతోంది. ఓనర్లు చాలాకాలం తప్పించుకున్నది సరిగ్గా ఇక్కడే. 1985లో క్విక్ వర్సెస్ టాఫ్ ఈలీ కేసు ఇలాంటిదే. కిటికీల పైనున్న కాంక్రీటు లింటెల్స్‌కు ఇన్సులేషన్ లేదు, కిటికీలవి మెటల్ ఫ్రేములు. చెమ్మకు ఇంట్లో సామాన్లు కుళ్లిపోయాయి. అయినా గోడ గానీ కిటికీ గానీ పాడవలేదు కాబట్టి అది రిపేరు కిందకు రాదని అప్పీలు కోర్టు తేల్చింది. మొదట్నుంచీ లేనిదాన్ని కొత్తగా పెట్టమనడం రిపేరు కాదట!

ఆ లోటును పూడ్చింది హోమ్స్ ఫిట్‌నెస్ ఫర్ హ్యూమన్ హ్యాబిటేషన్ యాక్ట్ 2018. ఇల్లు మనుషులు ఉండటానికి పనికొచ్చేలా ఉంచడం దీని ప్రకారం ఓనర్ బాధ్యత. ఏదీ విరగకపోయినా, పగలకపోయినా సరే. చూడాల్సిన అంశాల్లో చెమ్మ పేరు నేరుగా ఉంది, విపరీతమైన చలి కూడా లెక్కలోకి వస్తుంది. అలాగని మూలన కాస్త మచ్చ కనిపిస్తే చాలదు. ఆ గదిలో ఉండటమే సమంజసం కాదనిపించే స్థాయి ఉండాలి. పసిపాప ఉన్న ఇల్లు, పడుకునే గది కాబట్టి మీ వాదనకు బలముంది.

ఇక బట్టల సంగతి. అద్దెకున్నవారి నిర్లక్ష్యం వల్లే సమస్య వస్తే ఓనర్‌కు బాధ్యత ఉండదన్న మినహాయింపు నిజమే. కానీ వంట, స్నానం, బట్టలారేయడం ఏ కాపురంలోనైనా ఉండేవే. వాటిని నిర్లక్ష్యం అనడం నా దృష్టిలో నిలిచే వాదన కాదు. రాచ్‌డేల్‌లో రెండేళ్ల అవాబ్ ఇషాక్ 2020 డిసెంబరులో బూజు వల్ల చనిపోయాడు. అక్కడ కూడా ఇంటిని అద్దెకిచ్చిన సంస్థ నెపం కుటుంబం జీవనశైలి మీదికే నెట్టింది. చెమ్మ, బూజును గడువులోగా బాగుచేయాలంటూ ఆ పిల్లాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27న సోషల్ హౌసింగ్‌కే (కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు అద్దెకిచ్చే ఇళ్లకే) మొదలైంది. మీది ప్రైవేటు ఇల్లు కాబట్టి దాన్ని పట్టుకోకండి.

మీరు చేయాల్సింది సాక్ష్యం పోగేయడం. ఏజెంట్‌తో ఫోన్ మాటలు వద్దు, ఈమెయిల్ పెట్టండి. గోడ తుడిచిన రోజు ఒక ఫొటో, బూజు తిరిగొచ్చాక ఇంకో ఫొటో తీయండి. గ్యాస్, కరెంటు బిల్లులు దాచండి, "హీటింగ్ వెయ్యరు" అనేవాళ్లకు అదే జవాబు. పాప దగ్గు గురించి జీపీ (మీ ఫ్యామిలీ డాక్టర్) రాసిన కాగితం ఉంటే మరీ మంచిది. వార్డ్‌రోబ్ వెనక ప్లాస్టర్ ఉబ్బి రాలుతోందేమో కూడా చూడండి. ప్లాస్టర్ కూడా ఇంటి కట్టడంలో భాగమేనని 2011లో గ్రాండ్ వర్సెస్ గిల్ కేసులో కోర్టు చెప్పింది కాబట్టి, అది రాలితే సెక్షన్ 11 కూడా మీ చేతికొస్తుంది.

ఈమెయిల్‌కు స్పందన లేకపోతే కౌన్సిల్‌లోని ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి ఫిర్యాదు చేయండి. తనిఖీలో కేటగిరీ 1 (అత్యంత తీవ్రమైన తరగతి) ప్రమాదమని తేలితే కౌన్సిల్ చర్య తీసుకుని తీరాలి. ఇల్లు ఎంత ఇంధనం ఆదా చేస్తుందో చెప్పే సర్టిఫికెట్ ఈపీసీ. దాని రేటింగ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది అన్నిటికంటే కింది గ్రేడ్‌లైన ఎఫ్ (F) లేదా జీ (G) అయితే, మినహాయింపు నమోదు చేసుకోకుండా అద్దెకివ్వడమే తప్పు. అలాగని రేటింగ్ ఒక మెట్టు పైనున్న 'ఈ' (E) అయినంత మాత్రాన ఇల్లు బాగున్నట్టు కాదు.

కోర్టుకు వెళ్లే ముందు ఓనర్‌కు లెటర్ ఆఫ్ క్లెయిమ్ (సమస్య ఏమిటో, మీరేం కోరుతున్నారో చెప్పే లేఖ) పంపాలి. జవాబుకు 20 పనిదినాల గడువు ఉంటుంది. కేసు గెలిస్తే పని చేయించమనే ఆదేశంతో పాటు పాడైన బట్టలకు, పడ్డ ఇబ్బందికి పరిహారం కూడా రావచ్చు. ఫిర్యాదు చేస్తే ఖాళీ చేయమంటారన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. రెంటర్స్ రైట్స్ యాక్ట్ 2025 ప్రకారం 2026 మే 1 నుంచి కారణం చెప్పని సెక్షన్ 21 నోటీసు ఇవ్వడం కుదరదు.