వియత్నాంలో బైక్ ఆలోచన మానుకోండి, రైలెక్కండి (ఇద్దరం 16 రోజులు తిరిగొచ్చిన అనుభవం)

మార్చిలో 14 రోజులు సెలవు పెట్టి, మీరూ మీ ఆవిడా బ్యాగులు తగిలించుకుని హనోయ్ నుంచి సైగాన్ (హో చి మిన్ సిటీ) దాకా అద్దె బైక్ మీద వెళ్దామనుకుంటున్నామని, ఆవిడ శాకాహారి అని, ఎవరైనా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పమని అడిగారు. మేం 2024 మార్చిలో వెళ్ళాం, నేనూ మా ఆయనా, 16 రోజులు. మేమూ ముందు బైకే అనుకున్నాం, కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

మన ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్‌ని. అంటే మన పర్మిట్ చేతిలో ఉన్నా అక్కడ 50 సీసీ దాటిన బండి నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క. బండి అద్దెకిచ్చేవాళ్ళు ఇవేమీ అడగరు, తాళం చేతికిచ్చేస్తారు, దాంతో అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. నడి వియత్నాం తీరంలోని హోయ్ ఆన్ అనే ఊళ్ళో మా పక్క గదిలో దిగిన పుణె కుర్రాడు ఇసుక మీద జారిపడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. లైసెన్స్ చెల్లదు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళు ఒక్క రూపాయి కూడా ఇవ్వమన్నారు. వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి డబ్బులు అడుగుతూ ఆ అబ్బాయి ఏడుస్తుంటే మా ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. హువే, దా నాంగ్ ఊళ్ళ మధ్య ఉన్న హాయ్ వాన్ కనుమ మీద బండి ప్రయాణం అంత ముచ్చటగా ఉంటే, నడిపే మనిషితో సహా చెరో బండి మాట్లాడుకోవచ్చు. మీరిద్దరూ వెనక కూర్చుని హాయిగా చూసుకోండి.

ఆ దేశాన్ని చూడ్డానికి రైలుని మించింది నాకైతే కనిపించలేదు. హనోయ్ నుంచి సైగాన్ దాకా 1,726 కిలోమీటర్లు, ఒకటే లైను. ఫ్రెంచివాళ్ళు 1936లో పూర్తి చేశారు, యుద్ధంలో ముక్కలైపోయింది, దేశం ఒక్కటయ్యాక 1976 చివర్లో మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకి రైలు నడిచింది. మీటర్ గేజ్ కాబట్టి మెల్లగా పోతుంది, ఆ మెల్లదనమే మనకి కావాల్సింది. నలుగురు పడుకునే సాఫ్ట్ స్లీపర్ తీసుకోండి, ఆరుగురి దాంట్లో పై బెర్త్ మీద నిటారుగా కూర్చోలేం.

మీ 14 రోజులకి నేనైతే ఊళ్ళు తగ్గించేస్తాను. మా మొదటి ప్లాన్‌లో సాపా, హా లాంగ్, డా లాట్, ఫూ క్వోక్ అన్నీ ఉన్నాయి, తొమ్మిది ఊళ్ళు. టికెట్లు బుక్ చేసే ముందు రోజు రాత్రి కూర్చుని లెక్కేస్తే 16 రోజుల్లో ఆరు రోజులు దార్లోనే పోతున్నాయి. సగం కొట్టేశాం. హనోయ్‌లో మూడు రోజులు, రాత్రి రైల్లో హువేకి వెళ్ళి రెండు రోజులు, దా నాంగ్ మీదుగా హోయ్ ఆన్‌లో నాలుగు, క్వీ న్యాన్‌లో రెండు, చివర సైగాన్‌లో రెండు. మీకు ఇది సరిగ్గా సరిపోతుంది. నడి వియత్నాం తీరానికే ఎక్కువ రోజులు ఇవ్వండి, మార్చిలో అక్కడ వాతావరణం బాగుంటుంది. అక్టోబర్, నవంబర్‌లలో మాత్రం అటు వెళ్ళొద్దు, హోయ్ ఆన్ వీధుల్లోకి వరద నీళ్ళు వస్తాయి. హనోయ్‌లో మార్చిలో రోజంతా మంచులాంటి సన్న తుంపర పడుతుంది, బట్టలు ఆరవు. అక్కడ చేసుకోవాల్సిన మంచి పని ఏదన్నా ఉందంటే పాతబస్తీలో నడవడం, గుడ్డు సొన నురగలా గిలకొట్టి పోసిన కాఫీ తాగడం. మీ ఆవిడ గుడ్డు తినకపోతే కొబ్బరి కాఫీ అడగండి, అదీ బాగుంటుంది.

హువేలో మేం గొడవ పడ్డాం. రాత్రంతా రైల్లో సరిగ్గా నిద్ర లేదు, మిట్ట మధ్యాహ్నం దిగాం, గ్రాబ్ (అక్కడి ఓలా లాంటి యాప్) కారుకి డబ్బులెందుకు దగ్గరే కదా అని మా ఆయన అన్నాడు, సరే అని నేనూ నడిచాను, రెండు కిలోమీటర్లు అయ్యేసరికి నా బ్యాగు పట్టీ భుజం కోసేస్తోంది, తను ముందు నడుస్తున్నాడు, వెనక్కి తిరిగి చూడట్లేదు. గది చేరాక ఇద్దరం సాయంత్రం దాకా మాట్లాడుకోలేదు. ఆ రోజు రాత్రి ఒక ఒప్పందం చేసుకున్నాం: రైలు దిగితే కారెక్కడం, గదికెళ్ళి స్నానం చేసి ఏదో ఒకటి తినేదాకా ఎవరూ ఏ నిర్ణయం తీసుకోకూడదు. మిగతా పదకొండు రోజులూ ఒక్క మాట తేడా రాలేదు. అలాగే రోజుకి రెండు గంటలు ఎవరికి వాళ్ళం తిరిగేవాళ్ళం. నేను బజారుకి, తను ఏదో కాఫీ కొట్టులో పుస్తకం పట్టుకుని. పెళ్ళయిన కొత్తలో ఇలా అడగడానికి మొహమాటంగా ఉంటుంది కానీ అడగండి.

హువే నుంచి దా నాంగ్‌కి సుమారు వంద కిలోమీటర్లు, మూడు గంటల లోపే, కానీ ఆ ముక్క పగటి రైల్లోనే వెళ్ళండి. దక్షిణానికి పోతున్నప్పుడు సముద్రం ఎడమ పక్కన ఉంటుంది, సీటు బుక్ చేసేటప్పుడే ఎడమ కిటికీ చూసుకోండి. లాంగ్ కో దగ్గర పెద్ద ఉప్పునీటి సరస్సు దాటాక రైలు కొండ అంచు పట్టుకుంటుంది. అడవి కిందికి దిగి నేరుగా సముద్రంలో కలుస్తుంది, వంపు తిరిగినప్పుడు మన రైలు ఇంజనే మనకి కనిపిస్తుంది. మా ఎదురు సీట్లో ఒక ముసలావిడ పొమెలో పండు ఒలిచి, తొనల మీద సన్నపొర కూడా గోళ్ళతో తీసి, కారం కలిపిన ఉప్పు అద్ది నా చేతిలో పెట్టింది. మా అమ్మమ్మ పంపరపనసకాయ తినిపించింది అచ్చం అలాగే. భాష ఏమీ తెలియకుండానే గంటసేపు పక్కపక్కన కూర్చున్నాం.

హోయ్ ఆన్‌లో అందరూ లాంతర్ల ఫోటోల కోసం పోతారు, అవి అందంగానే ఉంటాయి, కానీ రాత్రి ఏడు నుంచి నదీ తీరంలో అడుగు పెట్టడానికి చోటుండదు. ఉదయం ఆరింటికి వెళ్ళండి, పసుపు గోడల మీద ఎండ పడుతూ ఉంటుంది, వీధి ఊడ్చేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. మేం వెళ్ళినప్పుడు అక్కడి జపనీస్ వంతెనకి మరమ్మతులు చేస్తున్నారు, చుట్టూ పెద్ద షెడ్డు కట్టేశారు. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు, మీరు చూడగలుగుతారు. వాళ్ళ 20 వేల డాంగ్ నోటు మీద ఉండే బొమ్మ ఆ వంతెనే. ఆ నోటుతో ఒక జాగ్రత్త: 20 వేల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలం రంగే. చీకట్లో కొబ్బరిబోండాల దగ్గర మా ఆయన ఒకటనుకుని ఇంకోటి ఇచ్చేశాడు, రాత్రి గదిలో లెక్క చూసుకున్నప్పుడు తెలిసింది, మన డబ్బుల్లో సుమారు 1,600 పోయాయి. 5 లక్షల నోట్లు వేరే పర్సులో పెట్టుకోండి.

హోయ్ ఆన్ నుంచి గంట దూరంలో "మీ సన్" (My Son) అనే పాత గుళ్ళ చోటు ఉంది. దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదలొద్దు. ఒకప్పుడు ఈ తీరాన్ని ఏలిన చామ్ జాతివాళ్ళు, అంటే చంపా రాజులు, 4 నుంచి 13వ శతాబ్దం దాకా కట్టుకుంటూ వచ్చిన శివాలయాలు అవి. మొదటి గుడి కట్టించిన రాజు పేరు భద్రవర్మ, స్వామి పేరు భద్రేశ్వరుడు. పేర్లు వింటే పక్క జిల్లాలో ఉన్నట్టుంటుంది. కొండల మధ్య ఎర్ర ఇటుక గోపురాలు, ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం గీత కూడా కనిపించదు, వేలితో తడిమి చూశాను, అతుకు తెలియలేదు. 1969లో అమెరికా బాంబులకి అన్నిటికన్నా పెద్ద గోపురం కూలిపోయింది, ఆ గుంతలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో గడ్డి మొలిచింది. మన పురావస్తు శాఖవాళ్ళు 2017 నుంచి కొన్నేళ్ళు అక్కడ పని చేసి కొన్ని గుళ్ళు నిలబెట్టారు, 2020 మేలో ఆ తవ్వకాల్లోనే 9వ శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. అక్కడ ఇప్పుడు పూజ లేదు, దీపం లేదు. మా ఆయన చెప్పులు విప్పేసి ఒక ఖాళీ పానవట్టం ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను కదిలించలేదు. తెల్లవారుజామున మొదటి బండికి వెళ్ళండి, పదింటికే ఎండ మాడ్చేస్తుంది. మీ సన్ చూశాక దా నాంగ్‌లోని చామ్ శిల్పాల మ్యూజియం కూడా చూడండి, ఆ గుళ్ళలో ఉండాల్సిన విగ్రహాలు చాలా అక్కడ ఉన్నాయి.

మీ ఆవిడ తిండి గురించి టెన్షన్ పడకండి, కాకపోతే ఒక్క మాట నేర్చుకోవాలి. వాళ్ళ భాషలో శాకాహారాన్ని "చాయ్" అంటారు, మన టీ లాగే వినిపిస్తుంది. "తోయ్ ఆన్ చాయ్" అంటే నేను శాకాహారిని అని. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటళ్ళు బౌద్ధులవి, ప్రతి ఊళ్ళో ఉంటాయి, హువేలో అయితే వీధికొకటి కనిపించింది. పౌర్ణమికీ అమావాస్య మర్నాడూ చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో ఇంకా సులువు. మామూలు హోటల్లో మాత్రం కూరగాయలు తెమ్మన్నా చేపల సాసు పోసే తెస్తారు, వాళ్ళకి అది ఉప్పుతో సమానం. అందుకే చాయ్ హోటలే వెతుక్కోండి. నేనూ మాంసం తినను, 16 రోజుల్లో ఒక్క పూట కూడా పస్తులు లేను. వెంట తీసుకెళ్ళిన కందిపొడి మూడో రోజు తీశాను, ఆ తర్వాత తీయాల్సిన అవసరం రాలేదు.

క్వీ న్యాన్ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. రైలు దియూ ట్రీ స్టేషన్‌లో ఆగుతుంది, అక్కడి నుంచి ఊళ్ళోకి పది కిలోమీటర్లు. ఊళ్ళోనే చామ్ జంట గోపురాలు, ఊరి ముందే సముద్రం. సాయంత్రం ఐదయ్యేసరికి ఊళ్ళో వాళ్ళంతా పిల్లలతో ముసలివాళ్ళతో ఒడ్డుకి వచ్చేస్తారు, చీకటి పడేదాకా నీళ్ళల్లోనే. విదేశీయులు మాకు ఇద్దరో ముగ్గురో కనిపించారు. మాకు రెండు రోజులు చాలలేదు, సైగాన్‌లో ఒక రోజు తగ్గించి ఇక్కడ కలిపి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాం. సైగాన్‌లో యుద్ధ అవశేషాల మ్యూజియం చూడాలి, కానీ అది చూసిన రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు, మాకు ఆ సాయంత్రం అన్నం కూడా సహించలేదు.

వీసా ఆన్‌లైన్‌లోనే, ప్రభుత్వ సైట్లో 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. బ్యాగు ఒక్కొక్కరికి ఏడు కిలోలు మించనివ్వకండి, బట్టలు కిలో లెక్కన ఉతికిచ్చే కొట్లు ఎక్కడ చూసినా ఉన్నాయి. టెట్ పండగ (వాళ్ళ కొత్త సంవత్సరం) జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, అప్పుడు రైళ్ళు దొరకవు, మీ మార్చికి ఆ ఇబ్బంది లేదు. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, ఏ రైలుకి ఏది కలుస్తుందో మా పాత టికెట్లు తీసి చూసి చెబుతాను. హోయ్ ఆన్ జపనీస్ వంతెన ముందు మీ ఇద్దరి ఫోటో ఒకటి పెట్టండి, మేం చూడలేకపోయాం.