ఇంటర్‌లో ఎంపీసీ చదివి అమెరికా వచ్చారా? కాలేజీలో ఏ లెక్కల కోర్సుతో మొదలుపెట్టాలి

సందేహం: ఇంటర్‌లో ఎంపీసీ, తరువాత బీకాం చేశాను. హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద డాలస్ వచ్చాను. కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ళ కోర్సులు చెప్పే కాలేజీ) చేరి కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్దామని ఉంది. అడ్వైజర్ కాలేజ్ ఆల్జీబ్రా తీసుకోమంటున్నారు. ఇంటర్‌లోనే క్యాలిక్యులస్ చేసినదాన్ని, మళ్ళీ ఆల్జీబ్రా చదవాలా?

జవాబు: ఆ మాటకు చిన్నబుచ్చుకోకండి. అలాగని వెంటనే తలూపి చేరిపోకండి కూడా. మీ లెక్కల స్థాయి చెప్పే కాగితమేదీ చేతిలో లేనప్పుడు అడ్వైజర్లు సాధారణంగా ఇచ్చే సలహా అది. ఇక్కడివాళ్ళ లెక్కలో ఇంటర్ అంటే హైస్కూలే. మెమోలో 75కి 75 వచ్చి ఉన్నా మామూలుగా దానికి కాలేజీ క్రెడిట్లు (డిగ్రీకి లెక్కకొచ్చే పాయింట్లు) రావు. మీరు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చేది ప్లేస్‌మెంట్ పరీక్ష. దానికి రెండు మూడు వారాలు కూర్చుని చదివితే ఒకటి రెండు సెమిస్టర్ల ఫీజు, సమయం మిగలవచ్చు. చాలామంది ఏమీ చూసుకోకుండా వెళ్ళి రాసేసి వస్తారు, నష్టం అక్కడే మొదలవుతుంది.

ముందు లెక్కల కోర్సుల వరుస తెలుసుకోండి. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీలన్నీ ఒకే కోర్సు నంబర్లు వాడతాయి. మొదటి అంకె ఏ సంవత్సరం కోర్సో చెబుతుంది, రెండోది ఎన్ని క్రెడిట్లో. 1314 అంటే కాలేజ్ ఆల్జీబ్రా, మొదటి సంవత్సరం, 3 క్రెడిట్లు. 1316 ట్రిగొనామెట్రీ, 2412 ప్రీక్యాలిక్యులస్, 2413, 2414, 2415 వరుసగా క్యాలిక్యులస్ 1, 2, 3. 1314తో మొదలుపెడితే 2413లో కాలు పెట్టేసరికి కనీసం రెండు సెమిస్టర్లు గడుస్తాయి. 1314 కంటే కింద ఉన్నవి డెవలప్‌మెంటల్ కోర్సులు. వాటికి ఫీజు కట్టాలి, కానీ ఆ క్రెడిట్లు డిగ్రీలో కలవవు.

ఈ వరుస పక్కనే ఇంకో దారి ఉంది: 1324, 1325. ఇవి బిజినెస్, సోషల్ సైన్స్ విద్యార్థుల కోసం. 1325 పేరులోనూ క్యాలిక్యులస్ ఉంటుంది, 2413 కంటే తేలిక అని కూడా వినిపిస్తుంది. మీరు బీకాం అనగానే అటు పంపే అవకాశం ఎక్కువ. కంప్యూటర్ సైన్స్‌కు, ఇంజనీరింగ్‌కు అది పనికిరాదు. అందులో ట్రిగొనామెట్రీ ఉండదు, దాని మీద 2414లో చేరనివ్వరు. నర్సింగ్, సైకాలజీ వైపు వెళ్ళేవాళ్ళకు చాలాచోట్ల స్టాటిస్టిక్స్ (1342) సరిపోతుంది, వాళ్ళకు క్యాలిక్యులస్ గొడవే అక్కర్లేదు. అందుకని మీరు చివరికి ఏ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకుంటున్నారో చూసి, ఆ డిగ్రీ ప్లాన్ ప్రింట్ తీసుకుని అడ్వైజర్ ముందు పెట్టండి.

ఇక పరీక్షలు. టెక్సస్‌లో మొదట ఎదురయ్యేది టీఎస్ఐఏ2, అంటే కాలేజీ చదువుకు సిద్ధంగా ఉన్నారో లేదో చూసే రాష్ట్ర పరీక్ష. లెక్కల్లో 950 వస్తే కాలేజీ స్థాయి కోర్సుకు అర్హత వచ్చినట్టే. అంతకంటే తక్కువ వస్తే వెంటనే డయాగ్నొస్టిక్ భాగం తెరుచుకుంటుంది, అందులో 6వ స్థాయి వచ్చినా చాలు. అయితే ఇది దాటినంత మాత్రాన క్యాలిక్యులస్‌లో కూర్చోనివ్వరు. దానికి ప్రీరిక్విజిట్ (ముందుగా పూర్తి చేసి ఉండాల్సిన కోర్సు) చూపించాలి, లేదా కాలేజీ ఒప్పుకునే వేరే ప్లేస్‌మెంట్ రాయాలి.

అలా చాలా యూనివర్సిటీలు, కొన్ని కాలేజీలు వాడేది అలెక్స్ అనే ఆన్‌లైన్ పరీక్ష. గరిష్ఠంగా 30 ప్రశ్నలు, ఎక్కువ భాగం జవాబు మీరే టైప్ చేయాలి, ఆప్షన్లు చూసి ఊహించే వీలుండదు. స్కోరు 100కి. 46 నుంచి 60 మధ్య కాలేజ్ ఆల్జీబ్రా, 61 నుంచి 75 ప్రీక్యాలిక్యులస్, 76, ఆపైన వస్తే క్యాలిక్యులస్ అన్నది మామూలు కొలత, ప్రతి కాలేజీ తన గీత తాను గీసుకుంటుంది. ఒకసారి తక్కువొస్తే కంగారు పడకండి. అందులోనే అభ్యాసం చేసే భాగం ఉంటుంది, అక్కడ కొన్ని గంటలు పని చేశాక మళ్ళీ రాయనిస్తారు. ఇంట్లో ఎవరినో పక్కన కూర్చోబెట్టుకుని స్కోరు తెచ్చుకోవడం మాత్రం వద్దు. క్యాలిక్యులస్‌లో మూడో వారానికే అది బయటపడుతుంది.

క్యాలిక్యులస్‌లో తప్పేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఆల్జీబ్రాలోనే. 1/ఎక్స్‌కు నిర్వచనం నుంచి డెరివేటివ్ కట్టమంటే ఏం చేస్తాం? 1/(ఎక్స్+హెచ్) లోంచి 1/ఎక్స్ తీసేయాలి. హారాలు కలిపితే పైన ఎక్స్ − (ఎక్స్+హెచ్), అంటే −హెచ్ మిగులుతుంది. కింద ఎక్స్(ఎక్స్+హెచ్). మొత్తాన్ని హెచ్‌తో భాగిస్తే −1/(ఎక్స్(ఎక్స్+హెచ్)). అప్పుడు హెచ్‌ను సున్నా చేస్తే −1/ఎక్స్². ఇందులో క్యాలిక్యులస్ ఆఖరి అడుగు ఒక్కటే. బ్రాకెట్ తీసేటప్పుడు మైనస్ మరిచిపోతే, లేదా కూడికలో ఉన్నదాన్ని పైనా కిందా కొట్టేస్తే ఆ అడుగు దాకా చేరనే చేరరు. కాబట్టి ప్లేస్‌మెంట్‌కు ముందు భిన్నాలతో ఉన్న ఆల్జీబ్రా, ఘాతాలు, లాగరిథమ్‌లు, ఫంక్షన్ డొమైన్, యూనిట్ సర్కిల్, ముఖ్యమైన ట్రిగ్ ఐడెంటిటీలు రోజూ గంటన్నర చేయండి. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో ఈ పుస్తకాలన్నీ ఉచితంగా దొరుకుతాయి.

మీ ఇంటర్ ఎంత దూరం తీసుకెళ్తుంది? 1బీలో చేసిన లిమిట్లు, డెరివేటివ్‌లు, వాటి అనువర్తనాలు, 2బీలో చేసిన ఇంటిగ్రేషన్ కలిపితే 2413 దాదాపు అంతా, 2414లో కొంత వచ్చేస్తుంది. కానీ 2414లో సగానికి దగ్గరగా ఉండే ఇన్ఫినిట్ సిరీస్, అవి కన్వర్జ్ అవుతాయా లేదా తేల్చే పరీక్షలు, టేలర్ సిరీస్ ఇంటర్‌లో లేవు. అందుకే నేరుగా 2415లో కూర్చోవాలన్న ఆలోచన వద్దు. మీలాంటివాళ్ళకు 2413తో మొదలుపెట్టడం సరైన చోటు. చదివి పదేళ్ళు దాటి ఉంటే 2412 తీసుకోవడంలో తప్పేమీ లేదు.

చేరాక మన అలవాట్లు కొన్ని మార్కులు తింటాయి. మన క్యాలిక్యులస్ పుస్తకాల్లో లాగ్ ఎక్స్ అంటే ఆధారం ఈ. ఇక్కడ లాగ్ అంటే ఆధారం 10, సహజ లాగరిథమ్‌కు ఎల్ఎన్ అని రాయాలి. ఆన్‌లైన్ హోంవర్క్‌లో 1/ఎక్స్ ఇంటిగ్రల్‌కు లాగ్ అని కొడితే ఎర్ర గుర్తు పడవచ్చు. 1/2ఎక్స్ అని కొడితే కంప్యూటర్ చాలాసార్లు దాన్ని సగం ఎక్స్‌గా చదువుతుంది, హారంలో రెండూ ఉండాలంటే 1/(2ఎక్స్) అనే కొట్టాలి. పైకి విసిరిన బంతి లెక్కల్లో 4.9 బదులు 16 కనిపిస్తుంది. ఇక్కడ జీ విలువ సెకనుకు సెకనుకు 32 అడుగులు, అందులో సగం 16.

క్యాలిక్యులేటర్‌గా టీఐ-84 ప్లస్ చాలాచోట్ల చెల్లుతుంది, అయినా సిలబస్ చూడకుండా కొనకండి. కొందరు ప్రొఫెసర్లు పరీక్షలో అసలు ఒప్పుకోరు. సైన్ 30 కొడితే −0.988 వచ్చిందంటే అది రేడియన్ మోడ్‌లో ఉన్నట్టు. −3² కొడితే −9 వస్తుంది, బ్రాకెట్ పెడితేనే 9.

ఎంసెట్ షార్ట్‌కట్‌లు పక్కన పెట్టండి. ఇక్కడ మార్కులు అడుగుల వారీగా పడతాయి. జవాబు తప్పినా దారి సరైనదైతే సగానికి పైగా రావచ్చు, జవాబు ఒక్కటే రాస్తే సరైనదైనా కోస్తారు. ప్లస్ సీ, డీఎక్స్, యూనిట్లు మరిచిపోయినా అంతే.

4 క్రెడిట్ల కోర్సుకు క్లాసు కాక వారానికి 8 నుంచి 12 గంటలు ఇంటి దగ్గర కావాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ గంటలు ఎక్కడివో ముందే తేల్చుకోండి. వేసవి 5 వారాల సెషన్‌లో క్యాలిక్యులస్ 2 తీసుకోకండి. 16 వారాల పాఠం అందులో కుక్కుతారు, సిరీస్ మెదడుకు ఎక్కేలోపే ఫైనల్ వచ్చేస్తుంది. కాలేజీలో ట్యూటరింగ్ సెంటర్ సాధారణంగా ఉచితం, మొదటి హోంవర్క్ నుంచే వెళ్ళండి.

క్లాసు మీ వల్ల కావడం లేదనిపిస్తే తేదీలు చూసుకోండి. ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో 12వ క్లాసు రోజు సెన్సస్ తేదీ (కాలేజీ అధికారికంగా విద్యార్థుల లెక్క తీసుకునే రోజు), ఆ లోపు మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీదకు ఎక్కదు. ఆ తరువాత గడువులోపు మానేస్తే గ్రేడు బదులు డబ్ల్యూ (విత్‌డ్రా) పడుతుంది. జీపీఏ (గ్రేడుల సగటు) తగ్గదు కానీ, టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో అండర్‌గ్రాడ్యుయేట్ మొత్తం మీద అలాంటి డ్రాప్‌లు ఆరే అనుమతిస్తారు. హెచ్4 మీద ఉన్న మీరు ఒక్క కోర్సు తీసుకున్నా, మానేసినా వీసాకు ఇబ్బంది లేదు. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు మాత్రం డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారి) అనుమతి ముందుగా తీసుకోకుండా 12 క్రెడిట్ల కిందకు దిగితే స్టేటస్ పోతుంది. వాళ్ళు డ్రాప్ బటన్ నొక్కే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్ళాలి.