భూగోళశాస్త్ర బోధనపై పరిశోధించేవారి ప్రభావం హెచ్-ఇండెక్స్‌తో తెలుస్తుందా?

కొంతవరకే. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన లెక్క ఇది: హెచ్-ఇండెక్స్ 15 అంటే, ఆ పరిశోధకుడి వ్యాసాల్లో 15 వ్యాసాలను ఒక్కోదాన్ని కనీసం 15 సార్లు ఉటంకించారని. భూగోళశాస్త్ర బోధన చిన్న రంగం, రాసేవాళ్లే తక్కువ. అందుకే వైద్యరంగం అంకెలతో పోల్చడం అన్యాయం.

పైగా అసలు ఫలితం క్లాస్‌రూమ్‌లో కనిపిస్తుంది. మట్టితో కొండ చేసి, సమాన ఎత్తుల్లో దారం చుట్టి, పైనుంచి చూస్తే చాలు, మ్యాప్‌లో గీతలు దగ్గరగా ఉన్నచోట వాలు ఎక్కువని పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఇలా నేర్పే టీచర్ వ్యాసం రాయరు కాబట్టి, ఆ పద్ధతిపై పరిశోధించినవారి ఖాతాలో ఏ ఉటంకింపూ చేరదు. డేవిడ్ లాంబర్ట్ భూగోళశాస్త్ర బోధన ప్రొఫెసర్‌గా వ్యాసాలు రాయడమే కాదు, బ్రిటన్‌లో భూగోళశాస్త్ర టీచర్ల సంఘమైన జియోగ్రాఫికల్ అసోసియేషన్‌నూ నడిపారు. ఆ పనిని హెచ్-ఇండెక్స్ అసలు లెక్కలోకే తీసుకోదు. సిలబస్, పాఠ్యపుస్తకాలు, టీచర్ల ట్రైనింగ్‌లో ఏం మారిందో కూడా చూడండి.