కారులో ఏసీ వేయగానే ముక్క వాసన ఎందుకు వస్తుంది?

డ్యాష్‌బోర్డు వెనక ఉండి గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ కాయిల్ మీద బూజు, బ్యాక్టీరియా పెరగడం వల్లే సాధారణంగా ఆ ముక్క వాసన వస్తుంది. గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద నీరవుతుంది; బండి ఆపాక ఆ తడి త్వరగా ఆరదు. వానాకాలంలో రాత్రి ఏసీతోనే ఇంజిన్ ఆపేసి పొద్దున మళ్లీ వేస్తే, మొదట గుప్పుమని కొట్టి తర్వాత తగ్గుతుంది.

గ్యాస్ అయిపోయిందనుకుని చాలామంది నింపిస్తారు, డబ్బు దండగ. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది గానీ ముక్క వాసన రాదు. పెర్ఫ్యూమ్ పెట్టినా బూజు పోదు. క్యాబిన్ ఫిల్టర్ (చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది) మార్చి, కాయిల్ శుభ్రం చేయించండి. ఇల్లు చేరే ముందు ఐదు నిమిషాలు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం తిప్పితే కాయిల్ ఆరుతుంది. తియ్యటి వాసనైతే మాత్రం కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతోందేమో మెకానిక్‌కు చూపించాలి.