ఫిల్మ్ ఫొటోగ్రాఫర్ చేత మాట్లాడించడం ఎలా?

కళాశాల ప్రాజెక్టు కోసం సికింద్రాబాద్‌లో ఒక పాతతరం ఫొటోగ్రాఫర్‌ను ఇంటర్వ్యూ చేస్తే, ఫిల్మ్ కెమెరాల కాలం గురించి ఏమి అడిగినా ఆయన "అవును, బాగుండేది" అని మాత్రమే అన్నారని మీరు రాశారు. లోపం ఆయనది కాదు. "ఫిల్మ్ మేలా, డిజిటల్ మేలా" అన్న ప్రశ్నకు అంతకంటే పెద్ద జవాబు రాదు.

ఈసారి ఆయన దాచుకున్న నెగటివ్‌లు తీయించి, వాటిని వెలుతురుకు పట్టి చూస్తూ మాట్లాడండి. 36 ఫ్రేముల రీలు సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు అయిపోతే ఏం చేశారో, ప్రింట్లు వేసేటప్పుడు వెలిగే ఎర్రదీపాన్ని ఫిల్మ్‌ను కడిగే ట్యాంకులోకి చుట్టేటప్పుడు ఎందుకు ఆర్పేసేవారో అడగండి. మామూలు బ్లాక్ అండ్ వైట్ ప్రింటు కాగితానికి ఎర్రని వెలుగు సోకదు, మామూలు ఫిల్మ్‌కు మాత్రం ఏ వెలుగైనా సోకుతుంది కనుక, ఆ పనంతా కటిక చీకటిలో చేతివేళ్లతోనే జరిగేది. చేతులు నేర్చిన పని గురించి అడిగినప్పుడు జ్ఞాపకం దానంతట అదే కదులుతుంది.

ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ స్టూడియో నడిపిన ఊరు కాబట్టి, తన గురువులెవరో కూడా తప్పక చెప్పించండి. ఆయన మౌనంగా ఉంటే తొందరపడి మరో ప్రశ్న వేయకండి. రికార్డింగుకూ, నెగటివ్‌ల నకళ్లకూ ముందే అనుమతి తీసుకోండి.