విల్కీ చివరి చిత్రాలు ఎందుకు పగిలాయి?

ప్రశ్న: స్కాట్లండ్ చిత్రకారుడు సర్ డేవిడ్ విల్కీ తొలినాటి చిత్రాలు చాలావరకు బాగానే ఉన్నాయి. 1830ల నాటివి మాత్రం నల్లబడి, నెర్రెలు విచ్చాయి. పాతవాటికంటే కొత్తవి ముందే చెడిపోవడమేమిటి?

జవాబు: దీనికి కారణం వయసు కాదు, గోధుమరంగు కోసం వాడిన తారులాంటి పదార్థం, బిట్యుమెన్. 1785లో ఫైఫ్ ప్రాంతంలో పాస్టరు ఇంట పుట్టిన విల్కీ, 1804లో ‘పిట్లెస్సీ సంత’ వేసి, మరుసటి ఏడు లండన్ చేరాడు. అప్పట్లో ఆయనకు ఆదర్శం డచ్, ఫ్లెమిష్ చిత్రకారులు. చిన్న పటాలు, ఓపికైన పనితనం. 1825లో ఆరోగ్యం దెబ్బతిని ఇటలీ, స్పెయిన్ తిరిగి 1828లో వచ్చేసరికి చేయి మారిపోయింది. స్పెయిన్ చిత్రకారులు వెలాస్కెజ్, మురిల్యోల చిత్రాల్లోని లోతైన నీడలు కావాలనుకున్నాడు. బిట్యుమెన్ పూత వేసిన వెంటనే ఆ వెచ్చటి, పారదర్శకమైన గోధుమరంగు నిగనిగలాడుతుంది. అందుకే ఎందరో దానికి లొంగిపోయారు.

చిక్కంతా ఆరడంలోనే. తైలవర్ణాల్లో రంగుపొడిని కలిపే అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. బిట్యుమెన్ ఆ చర్యకు అడ్డుపడుతుంది. దాంతో పైపొర బిగుసుకుని ముడుచుకుంటుంటే కిందిపొర మెత్తగానే ఉండి జారుతుంది. పైపొర ద్వీపాల్లా విడిపోతుంది. 1832లో ప్రదర్శించిన స్కాట్లండ్ మతసంస్కర్త జాన్ నాక్స్ ఉపదేశ చిత్రం ఈ నష్టానికి బాధాకరమైన ఉదాహరణ. మామూలు వయసు పగులు సన్నగా, పదునుగా ఉంటుంది. బిట్యుమెన్ పగులు వెడల్పుగా, అంచులు మొద్దుబారి ఉంటుంది, ముఖ్యంగా నీడ భాగాల్లో. దీన్ని బాగుచేయడమూ కష్టమే. పాత వార్నిష్‌ను తీసే ద్రావకమే బిట్యుమెన్‌నూ కరిగించగలదు, వేడి తగిలితే మెత్తబడుతుంది.

ఆ రంగే కావాలంటే బర్న్‌ట్ అంబర్‌లో కొద్దిగా రా సియెన్నా (రెండూ మట్టి నుంచి వచ్చే గోధుమ ఛాయల రంగులు) కలిపి పలుచటి పూతలుగా వేయండి. కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. ఒక పూత ఆరాకే మరొకటి. ‘బిట్యుమెన్’ అని పేరున్న ట్యూబు కొనేముందు వెనక రాసిన పదార్థాలు చదవండి. నేడు చాలావరకు ఇతర వర్ణకాల మిశ్రమాలే ఆ పేరుతో వస్తున్నాయి.

ప్రశ్న: టిప్పు సుల్తాన్ మృతదేహం కనబడిన దృశ్యాన్ని వేసింది ఈయనేనా?

జవాబు: ఆయనే. 1799 శ్రీరంగపట్నం ముట్టడి ఘట్టమది. దాడికి నాయకత్వం వహించిన డేవిడ్ బెయిర్డ్ భార్య, భర్త పోయాక వేయించింది. 1839లో పూర్తయింది, ఎత్తు సుమారు మూడున్నర మీటర్లు. విల్కీ భారతదేశానికి ఎన్నడూ రాలేదు. బెయిర్డ్ కాళ్ల దగ్గర ఇనుప ఊచల జాలీని గమనించండి. అదే పట్నంలో అంతకుముందు ఆయన బందీగా గడిపిన చెరసాలకు అది గుర్తు.